గోదాట్లో కలిసిన చేలు, పేజీలో మిగిలిన హెక్టార్లు: ఒక లంక ఊరి వికీపీడియా పేజీ కేస్ స్టడీ

2019 కార్తీకమాసంలో ఒక రాత్రి పదకొండింటికి, కోనసీమలోని ఒక లంక ఊరి తెలుగు వికీపీడియా పేజీలో, జనాభా లెక్కకీ పిన్‌కోడుకీ మధ్య ఈ వాక్యం ప్రత్యక్షమైంది: “ఇది రాసినోడు మా ఊరు ఎప్పుడైనా చూశాడా?”

నేను చూడలేదు. రేవు దాటితే ఆ ఊరు మా ఇంటికి పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు, అయినా చూడలేదు. వాక్యాన్ని మాత్రం రెండు నిమిషాల్లో తీసేశాను. మార్పు ఎందుకు చేశామో రాసే సారాంశం గడిలో “దుశ్చర్య” అని రాసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఊరి పేరు ఇక్కడ చెప్పను. వికీపీడియాలో పేజీ చరిత్ర అందరికీ తెరిచే ఉంటుంది. పేరు చెబితే అందులో తిరిగిన మనుషులెవరో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒకాయన రిటైరైన మాస్టారు. ఒకతను హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఆ ఊరి కుర్రాడు. మూడో మనిషిని నేను: అమలాపురం వైపు ఒక బ్యాంకులో ఉద్యోగం, 2013 నుంచి రాత్రిపూట తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, దిద్దుబాట్లు. నిర్వాహకురాలిని కాను. నా వీక్షణ జాబితాలో డెల్టా ఊళ్ళ పేజీలు కొన్ని వందలున్నాయి, ఎవరు ఎక్కడ చెయ్యిపెట్టినా నాకు తెలిసిపోతుంది. అదొక గొప్పగా చెప్పుకునేదాన్ని అప్పట్లో.

పేజీ పుట్టుక

తెవికీలో ఊళ్ళ పేజీలు చాలామటుకు ఆ ఊరివాళ్ళు కూర్చుని రాసినవి కావు. మండలాల జాబితాల్లోంచి ఒకటి రెండు వాక్యాల మొలకలుగా పుట్టాయి. తరవాత 2011 జనగణన పట్టికల్లో ఊరికో వరస తీసుకుని, అన్నిటినీ ఒకే అచ్చులో పోశారు. ఎంతోమంది ఏళ్ళ తరబడి ఓపిగ్గా చేసిన పని అది. దాన్ని తీసిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ పేజీలు లేకపోతే, తెలుగులో తమ ఊరి పేరు కొట్టి వెతికితే సినిమా పాట తప్ప ఏమీ దొరకని ఊళ్ళు వేలల్లో ఉండేవి.

అచ్చు వాక్యం ఇలా ఉంటుంది: 2011 జనగణన గణాంకాల ప్రకారం ఈ గ్రామం ఇన్ని ఇళ్ళతో, ఇంత జనాభాతో, ఇన్ని హెక్టార్లలో విస్తరించి ఉంది. ఆ తరవాత బడులు, ఆసుపత్రి, పోస్టాఫీసు, మురుగు కాలవలు, భూమి వినియోగం. కింద మూలం ఒక్కటే.

ఆ వాక్యంలో మొదటి రెండు అంకెలకీ మూడోదానికీ పుట్టుకలోనే తేడా ఉంది. ఇళ్ళూ మనుషులూ ఎన్యూమరేటర్లు గడప గడపకీ తిరిగి లెక్కపెట్టినవి. హెక్టార్లు వాళ్ళెవరూ టేపు పట్టుకుని కొలవలేదు, రెవెన్యూ రికార్డులో ఉన్నదాన్ని తెచ్చి పక్కన పెట్టారు. ఆరేళ్ళపాటు ఆ వాక్యాన్ని వందసార్లు చదివాను. నాకు తట్టలేదు.

మెరక ఊళ్ళలో తట్టకపోయినా ఫరవాలేదు. భూమి ఎక్కడికీ పోదు. లంకల్లో పోతుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల్లో ఇసుకా ఒండ్రూ మేటవేసి పెరిగినవే లంకలు. ఇచ్చిన గోదారే తీసుకుంటుంది కూడా. ఒక పక్క మేట, ఇంకో పక్క కోత. వరద తీసేటప్పుడు ఒడ్డు నిలువునా విరిగి, కొబ్బరిచెట్లు వరసగా మొవ్వులతో సహా నీళ్ళలోకి వాలిపోవడం ఇక్కడ పసిపిల్లలు కూడా చూసిందే. రికార్డులో మాత్రం సర్వే నంబరు చెక్కుచెదరదు.

నాలుగు రాత్రులు

మొదటి రాత్రి హెక్టార్ల అంకె మారింది. మూడంకెల సంఖ్య ఇంచుమించు సగమైంది. లాగిన్ కాని మొబైల్ ఫోను, సారాంశం ఖాళీ. నేను జనగణన పట్టిక తెరిచి ఊరి కోడ్ పట్టుకుని చూశాను. పాత అంకె దశాంశంతో సహా సరిపోయింది. రద్దు చేశాను.

రెండో రాత్రి మళ్ళీ అదే మార్పు. ఈసారి సారాంశంలో ఒక్క మాట: “తప్పు”. రద్దు చేసి, పేరు బదులు కనపడిన ఆ ఐపీ అడ్రసు చర్చ పేజీలో, అంటే దిద్దినవాళ్ళతో మాట్లాడే చోట, ముందే రాసిపెట్టి ఉండే హెచ్చరిక మూస ఒకటి అంటించాను.

మూడో రాత్రి హెక్టార్లతో పాటు మురుగు గురించిన వాక్యం కూడా మాయమైంది. మురుగునీటిని నేరుగా జలవనరుల్లోకి వదులుతున్నారని ఉండే వాక్యం అది. ఊళ్ళ పేజీల్లో జనానికి అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదేనని తెవికీలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. జనాభా తప్పుంటే ఎవరూ పట్టించుకోరు, మురుగు మాటెత్తితే మాత్రం ఊరుకోరు. తిరగ్గొట్టి, ఇంకాస్త ఘాటైన మూస పెట్టాను.

నాలుగో రాత్రి సంగతి ముందే చెప్పాను.

ఆ మూసలు ఆయనకి అందనే లేదని తరవాత తెలిసింది. మొబైల్ డేటాలో ఐపీ అడ్రసు నిలకడగా ఉండదు. నిన్నటి అడ్రసు గుమ్మానికి నేను నోటీసు అంటిస్తే, ఇవాళ ఆయన ఇంకో గుమ్మంలోంచి వస్తున్నారు. పైగా ఆ రోజుల్లో ఫోనులో లాగిన్ కాకుండా చదివేవాళ్ళకి చర్చ పేజీకి దారే కనపడేది కాదు. ఆయన వైపునుంచి చూడండి: దిద్దారు, పోయింది. మళ్ళీ దిద్దారు, మళ్ళీ పోయింది. ఎందుకు పోతోందో చెప్పే నాథుడు లేడు. చర్చ ఎక్కడ చెయ్యాలో తెలియక పేజీలోనే మొదలెట్టారు. దానికి నేను దుశ్చర్య అని పేరు పెట్టాను.

ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిరగ్గొడితే ఎంత సీనియరునైనా దిద్దుబాట్లు చెయ్యకుండా నిరోధించవచ్చు. నేను రోజుకొకటి చొప్పున చేశాను కాబట్టి ఆ లెక్కన కూడా నిర్దోషినే. నియమాల్లో నాకు ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

కొత్తవాళ్ళు దిద్దకుండా పేజీకి సంరక్షణ పెట్టించుదామని ఒక సీనియర్ వాడుకరిని అడిగాను. జనగణన సమాచారాన్ని పేజీల్లోకి ఎక్కించడంలో చేతులరగదీసుకున్న మనిషి. ఆయన జవాబు ఇప్పటికీ దాచుకున్నాను. “ఆకతాయి అయితే బూతు రాస్తాడు, లేకపోతే హీరో పేరు రాస్తాడు. మూడు రోజులు అదే అంకెని అదే అంకెగా మార్చేవాడికి ఆ అంకెతో ఏదో పని ఉండుంటుంది. సంరక్షణ తరవాత చూద్దాం, ముందు అడగండి.”

ఎవర్ని అడగాలి? వ్యాసం చర్చ పేజీలో రాశాను: ఈ ఊరి విస్తీర్ణం తప్పంటున్నవారు దయచేసి కారణం చెప్పండి, నేను పక్క మండలం మనిషినే. పదిరోజులకి జవాబొచ్చింది, కొత్తగా తెరిచిన ఖాతాలోంచి. “అక్కా, మార్చింది మా పెదనాన్నగారు. ఆయనకి మీరు చెప్పే చర్చా గిర్చా తెలీదు. ఫోను చెయ్యమంటారా?”

రేవు దాటి

2020 సంక్రాంతి వెళ్ళిన ఆదివారం రేవులో ఇంజను పడవ ఎక్కాను. బైకులూ, పాలక్యాన్లూ, అరటిగెలలూ, నేనూ. అవతలి ఒడ్డున కుర్రాడు నిలబడి ఉన్నాడు, పండక్కి వచ్చి ఇంకా వెళ్ళలేదట.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మాటా మంతీ లేకుండా మొదటి ప్రశ్న: “దీని ఆఫీసెక్కడుందమ్మా?”

“ఆఫీసు లేదండి మాస్టారూ.”

“ఆఫీసు లేకుండా రోజూ రాత్రి నా రాత ఎవరు కొట్టేస్తున్నారు?”

“నేనేనండి.”

కాసేపు నన్నే చూసి, లోపలికి కేకేసి కాఫీ తెమ్మన్నారు. కొట్టేసిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటుందని ఆయన అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు లెండి.

సర్వర్లు నడిపే వికీమీడియా ఫౌండేషను అమెరికాలో ఉందనీ, వాళ్ళు ఒక్క ముక్క రాయరనీ, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో మొదలైందనీ, అప్పట్నించీ నాలాంటివాళ్ళే జీతం భత్యం లేకుండా రాస్తున్నారనీ చెప్పాను. అన్నీ విని, “అయితే మా గ్రంథాలయోద్యమం లాంటిదన్నమాట” అన్నారు. నేను ఎన్ని శిక్షణ శిబిరాల్లో ఎన్ని స్లైడ్లు వేసినా ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను.

తరవాత ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళారు. ఇనప్పెట్టెలోంచి తీసిన పట్టాదారు పాస్‌పుస్తకం చంకలో పెట్టుకున్నారు. ఒడ్డు నిలువు గోడలా తెగి ఉంది. తెగిన మట్టిలోంచి కొబ్బరి వేళ్ళు జుట్టులా వేలాడుతున్నాయి. కింద నీళ్ళు మట్టిరంగులో సుళ్ళు తిరుగుతున్నాయి. ఆయన పుస్తకం తెరిచి ఒక సర్వే నంబరు మీద వేలు పెట్టారు. రెండో చేత్తో నది మధ్యలో ఉన్న ఒక నాటుపడవని చూపించారు.

“ఇదిగో, ఈ నంబరు. అదుగో, అతను వలేస్తున్నాడే, అక్కడ. మా నాన్న దొండపాదు వేసేవాడు.”

గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మామూలుగా అన్నారు. అంకెతో ఆయనకున్న పని అదీ.

తెలిసీ రాయలేనిది

పడవలో తిరిగొస్తూ సమస్య ఇంకా పెద్దదైందని అర్థమైంది. ఇప్పుడు నాకు నిజం తెలుసు. నా కళ్ళతో చూశాను. అయినా పేజీలో రాయడానికి లేదు.

బయటివాళ్ళకి ఇది పిచ్చిగా కనిపిస్తుంది, కుర్రాడికీ అలాగే కనిపించింది. “అక్కా, చూసొచ్చి కూడా మూలం కావాలంటారేంటి?” అన్నాడు ఫోనులో. నేను చూశానన్నది వికీపీడియాలో ఆధారం కాదు. దాన్నే మౌలిక పరిశోధన అంటారు, అది నిషిద్ధం. మాస్టారి పాస్‌పుస్తకం సొంత పత్రం, ఇంకొకరు తీసి చూసుకోలేరు, చూసినా అందులో భూమి ఉన్నట్టే ఉంటుంది. కుర్రాడు పాత ఉపగ్రహ చిత్రం పక్కన కొత్తది పెట్టి, గీతలు గీసి, పోయిన విస్తీర్ణం లెక్కగట్టి పంపాడు. చక్కటి పని. ఇంకెక్కడైనా అయితే భుజం తట్టేదాన్ని. ఆ లెక్క కట్టింది అతనే కాబట్టి, ఇంకెవరూ ప్రచురించలేదు కాబట్టి, అదీ చెల్లదు.

ఈ నియమం మీద నాకు కోపం వచ్చి చల్లారడానికి కారణం అదే పేజీలో ఉంది. హెక్టార్లు దిద్దిన రాత్రుల్లోనే మాస్టారు ఇంకో వాక్యం చేర్చారు: ఆనకట్ట కట్టే రోజుల్లో కాటన్ దొర ఈ ఊరి రావిచెట్టు కింద డేరా వేసుకున్నాడని. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి డెల్టా అంతా తిరిగాడన్నది నిజమే. కానీ నా వీక్షణ జాబితాలో ఆయన డేరా వేసిన ఊళ్ళు కలుపుకుంటే ఆనకట్ట కట్టడానికి తీరిక దొరికుండేది కాదు. మాస్టారు కోత గురించి చెప్పింది నమ్మి, డేరా గురించి చెప్పింది నమ్మనంటే, ఏ లెక్కన? రెండూ ఆ నోటినుంచే, అంతే నిజాయితీతో వచ్చాయి. ఒకటి నేను చూశాను, ఇంకోటి చూడలేదు. నేను చూడటం మీద విజ్ఞాన సర్వస్వం నడిస్తే, నేను చూడని లంకల గతేంటి?

“ప్రముఖులు” విభాగం గురించి మళ్ళీ చెప్పక్కర్లేదు. పంచాయతీ ఎన్నికల ముందు ఊరి పేజీల్లో ఎంతమంది దానకర్ణులు పుడతారో తెవికీ వాడుకరులకి తెలుసు. మూలం అడిగే అలవాటు లేకపోతే ఆ పేజీలు ఈపాటికి ఫ్లెక్సీలయ్యుండేవి.

వెతుకులాట

కోత గురించి జిల్లా పేపర్లలో ప్రతి వరదకీ వార్తలొస్తాయి. అవి వచ్చేది జిల్లా ఎడిషన్లో, స్థానిక పేజీలో. నెట్‌లో ఆ లంకెలు ఏడాది తిరక్కుండా చచ్చిపోతాయి. కుర్రాడు వెతికి పట్టిన నాలుగు లంకెల్లో మూడు తెరుచుకోలేదు. ఒకటి పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్లో ఎవరో పుణ్యాత్ములు దాచి ఉంచారు. అందులో ఊరి పేరు ఉంది, ఏటా చేలు కోతకు గురవుతున్నాయని రైతులు అధికారులకి చెప్పుకున్నారని ఉంది. ఎన్ని ఎకరాలో లేదు.

శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పాత పేపర్లు కాటాకి వేసేశారట.

అప్పుడు మాస్టారే అందించారు దారి. ఒడ్డుకి రాళ్ళు పేర్చే పని ఎప్పుడో టెండరు పిలిచారని, కంట్రాక్టరు సగం పేర్చి వెళ్ళిపోయాడని ఒక మాట అన్నారు. టెండరంటే ప్రకటన ఉంటుంది. ప్రకటనలో పని పేరు ఉంటుంది. రెండు ఆదివారాలు పట్టింది కానీ దొరికింది: ఫలానా ఊరి వద్ద ఏటి ఒడ్డు కోత నివారణకు రివెట్‌మెంట్ పని, ప్రభుత్వ శాఖ సొంత మాటల్లో. ఎకరాలు ఇక్కడా లేవు. అయితే ఈ ఊళ్ళో కోత ఉందన్న సంగతి ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకున్నట్టు.

ఇక జనగణన పట్టిక. దాన్ని ఆరేళ్ళుగా మూలంగా ఇస్తున్నాను, ముందుమాట ఎన్నడూ చదవలేదు. విస్తీర్ణం అంకెలు రెవెన్యూ రికార్డుల నుంచి తీసుకున్నవని అందులోనే రాసి ఉంది. అంటే మా మూలం అబద్ధమాడలేదు. తన అంకె ఏమిటో అది చెప్పుకుంటూనే ఉంది. ఆ చెప్పుకున్నదాన్ని మేం “విస్తరించి ఉంది” అనే రెండు పదాల క్రియలోకి కుక్కి, ఆ అంకెని నేల మీదకి దింపాం.

వాక్యం కుదిరిన తీరు

ఒక్క వాక్యం మీద చర్చ పేజీలో ముగ్గురం మూడు వారాలు కూర్చున్నాం. మాస్టారికి అప్పటికి కుర్రాడు ఖాతా తెరిచి ఇచ్చాడు. ఆయన ఫోనుతో మాట్లాడి టైపు చేయించేవారు. అది “లంక” అన్నచోటల్లా “లంకె” అని కొట్టేది. వికీపీడియాలో ఆ పొరపాటుకి కూడా అర్థం ఉండటంతో కాసేపు ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలిసేది కాదు.

మాస్టారి మొదటి ముసాయిదా: ఊరి విస్తీర్ణం రికార్డులో ఉన్నదానిలో సగమే, మిగతాది గోదావరి మింగేసింది. సగం అన్నదానికి ఆధారం లేదు. మింగేసింది అన్నది ఆయన బాధ. నా ముసాయిదా: గ్రామ విస్తీర్ణం ఇన్ని హెక్టార్లు, అయితే కొంత భూమి కోతకు గురైనట్లు తెలుస్తోంది. దీన్ని కుర్రాడు చీల్చి చెండాడాడు. “తెలుస్తోంది అంటే ఎవరికక్కా? అయితే అని పెట్టి దానికి ముందన్నదాన్ని మీరే నమ్మనట్టు రాశారు.” నిజమే. “తెలుస్తోంది” అన్న మాట తెవికీలో ఎక్కడ కనపడినా మూలం లేదని గుర్తు. పరాయివాళ్ళ వ్యాసాల్లో ఎన్నిసార్లు పట్టుకున్నానో.

చివరికి కుదిరింది ఇది: “2011 జనగణన ప్రకారం గ్రామంలో ఇన్ని ఇళ్ళు, ఇంత జనాభా ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల ఆధారంగా జనగణన పట్టికలో నమోదైన విస్తీర్ణం ఇన్ని హెక్టార్లు. గ్రామ భూములు గోదావరి కోతకు గురవుతున్నాయి. ఒడ్డు రక్షణకు నీటిపారుదల శాఖ రివెట్‌మెంట్ పనులకు టెండరు పిలిచింది.” నాలుగు వాక్యాలు, ఒక్కోదానికీ దాని మూలం.

మాస్టారు చదివి, “ఎంత పోయిందో చెప్పలేదు” అన్నారు. చెప్పలేదండి, అన్నాను. “పోయిందని చెప్పారు కదా, అదే చాలు ప్రస్తుతానికి” అన్నారు. ఆయన “ప్రస్తుతానికి” అన్నది మర్యాదకి కాదని తరవాత తెలిసింది.

ఇదే మార్పు మిగతా లంక ఊళ్ళన్నిటికీ బాటుతో, అంటే తనంతట తానే దిద్దే ప్రోగ్రాముతో, చేద్దామని తెవికీ వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండలో ప్రతిపాదించాను. కుదరలేదు. లంక ఊళ్ళేవో బాటుకి ఎలా తెలుస్తుంది, పేరు చివర లంక ఉన్నవన్నీ నదిలో లేవు, నదిలో ఉన్నవాటన్నిటి పేర్లలో లంక లేదు, అన్నారు. సబబైన అభ్యంతరమే. డజను పేజీలు చేత్తో మార్చాను. మిగతావాటిలో “విస్తరించి ఉంది” అలాగే విస్తరించి ఉంది.

మురుగు, ఫోటో, 86 వరద

మురుగు వాక్యం దగ్గర మాస్టారూ నేనూ రాజీకి రాలేదు. కొత్త డ్రైన్లు వేశారని ఆయన, దానికి మూలమేదని నేను. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో వాయిదా పడటంతో కొత్త పట్టిక కూడా రాలేదు. “2011 నాటికి” అని ముందు తగిలించి, “వదులుతున్నారు”ని “వదిలేవారు”గా మార్చాం. అది వాక్యాన్ని బతికించింది గానీ ఆయన్ని ఒప్పించలేదు.

ఫోటో గొడవ చిన్నది. ఎవరో వాట్సాప్‌లో పంపిన గుడి బొమ్మని కుర్రాడు వికీపీడియా బొమ్మలుండే కామన్స్‌లోకి ఎక్కించాడు, ఎవరు తీశారో తెలియనందున వారంలో తొలగించారు. మాస్టారు తన ఫోనుతో రేవు ఫోటో తీసి పంపారు. కాస్త వంకరగా వచ్చింది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గురించి చెబితే, “అంటే ఎవడైనా కేలెండరు మీద వేసి అమ్ముకోవచ్చా?” అని అడిగారు. అమ్ముకోవచ్చండి, కింద మీ పేరు వెయ్యాలి, అన్నాను. “అయితే నిలువుగా ఇంకోటి తీస్తానుండు” అన్నారు. పేజీలో ఇప్పుడున్నది ఆ రెండోది.

86 వరద దగ్గర మాత్రం నేను మాస్టారి మనసు నొప్పించాను. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పాత ఆనకట్ట బదులు కట్టిన బ్యారేజీ పూర్తయి అప్పటికి నాలుగేళ్ళు. డెల్టాలో ఆ ఏడు చూసినవాళ్ళు కాలాన్ని ఇప్పటికీ వరదకి ముందు, వరద తరవాత అని లెక్కపెడతారు. చెయ్యి తిరగడంతో మాస్టారు ఒక రాత్రి కూర్చుని ఆ వరదని పేజీలోకి ఎక్కించేశారు. బడి డాబా మీద ఎంతమంది ఎక్కారో, రెండో రోజు తాగడానికి కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ లేకపోవడం, పక్కింటి గేదె మెడతాడు కోసేటప్పుడు ఆ ఇంటావిడ మొహం తిప్పుకోవడం. అంతా “మేము”, “మా”. చదువుతూ నేను ఏడ్చాను, తరవాత తొంభై శాతం తీసేశాను. ప్రవాహం అంకె, తేదీ, ఊరు మునిగిందన్న వాక్యం మిగిలాయి.

రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. కుర్రాడి ద్వారా ఒక మాట పంపారు: “హెక్టార్లకి కాగితం అడిగావు, సరే. గేదెకి కూడా కాగితం కావాలా?”

నా దగ్గర జవాబు లేదు. కాగితం లేని జ్ఞాపకాన్ని ఆధారంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న వికీమీడియాలో పాతదే. 2011లోనే మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో మనుషుల మాటల్ని రికార్డు చేసి మూలాలుగా చూపే ప్రయోగం జరిగింది. ఆ ప్రయోగం దగ్గరే ఉండిపోయింది, నియమం మారలేదు. నేను చెయ్యగలిగింది ఒకటే: తీసేసిన పాఠం పేజీ చరిత్రలో భద్రంగా ఉందని, ఏ తేదీ కూర్పులో ఉందో చూపించడం. కుర్రాడు దాన్ని ప్రింటు తీసి, పెదనాన్నని కూర్చోబెట్టి మొత్తం మళ్ళీ చెప్పించి ఫోనులో రికార్డు చేశాడు. ఏదైనా పత్రికలో అచ్చయితే అప్పుడు గేదెకి కాగితం దొరుకుతుంది. ఇంకా ఎవరూ వేసుకోలేదు.

తరవాత

ఈ కేసు తరవాత నా పద్ధతిలో మారినవి రెండే. ఊరి పేజీలో అంకె మార్చినవాళ్ళని మొదటిసారి తిరగ్గొట్టను, ఎందుకు మార్చారో వ్యాసం చర్చ పేజీలో అడిగి రెండు రోజులు ఆగుతాను. ఆ రెండు రోజులూ పేజీలో తప్పు ఉంటే ఉంటుంది. దీన్ని ఒప్పుకోని మిత్రులు ఉన్నారు, వాళ్ళతో నాకు తగువు లేదు. రెండోది, మూలం ఇచ్చేముందు దాని ముందుమాట చదువుతాను.

మాస్టారు తెవికీలో ఉండిపోయారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యి, అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు, నేను బ్యాంకులో సంవత్సరాంతం లెక్కలతో తలమునకలై ఉన్నాను. సాయంత్రం చూస్తే వాళ్ళ మండలంలో ఊళ్ళన్నిటికీ జిల్లా పేరు ఆయనే మార్చేశారు, ప్రతి పేజీలోనూ “పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది” అన్న ముక్కతో సహా. జీవో లంకె మూలంగా ఇచ్చారు. సారాంశంలో ప్రతిచోటా ఒకే మాట: “మూలం ఉంది”. తరవాత జిల్లాకి అంబేద్కర్ పేరు వచ్చినప్పుడు ఊరికొక్కడు చొప్పున ఆ పేరు పెట్టేవాళ్ళూ తీసేవాళ్ళూ పోటీలు పడితే, మా మండలాల పేజీల్లో కాపలా ఉన్నది కూడా ఎక్కువగా ఆయనే. ఎవరినీ దుశ్చర్య అనలేదు. రాత్రి పదకొండింటికి ఒక్కొక్కరి చర్చ పేజీకీ వెళ్ళి “బాబూ, జీవో చూడు” అని రాసి వచ్చేవారు.

అదే ఏడాది జులైలో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు, నీళ్ళు దాన్ని దాటి పైకెళ్ళాయి. లంకలకి పడవలు కట్టేశారు. నాలుగు రోజులు మాస్టారి ఫోను పలకలేదు. ఐదో రోజు రాత్రి నా వీక్షణ జాబితాలో ఆ ఊరి పేజీ పైకి వచ్చింది. గుండె దడదడలాడుతూ తెరిచాను. వ్యాసంలో ఏ మార్పూ లేదు, మారింది చర్చ పేజీ.

“ఒడ్డు ఇంకో పది బారలు వెళ్ళింది. రాళ్ళు పేర్చిన చోటు కూడా జారింది. మూలం లేదు. అందుకని ఇక్కడ రాసిపెడుతున్నా. పేపర్లో వచ్చాక పేజీలో పెట్టండి.”

కింద సంతకం, తేదీ. నేను పేపర్లలో జిల్లా పేజీలు ఇప్పటికీ చూస్తున్నాను.